జీడీపీ పెరిగితే మనం బాగున్నట్టేనా?

మాది విశాఖ పోర్టు పక్కనున్న జ్ఞానాపురం. మేడ మీద ఆరేసిన బట్టలకు సాయంత్రానికల్లా బొగ్గు పొడి, అమ్మకి ఇన్‌హేలర్ లేనిదే రాత్రి గడవదు. ఓడ నుంచి బొగ్గు దించినా, మేం ఇన్‌హేలర్ కొన్నా జీడీపీలో, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువలో కలుస్తాయి, ఆమె ఆయాసం ఏ లెక్కలోకీ రాదు. మనుషుల బాగు ముందు చూసే పద్ధతి ఎక్కడైనా ఉందాండి?

జవాబు: ఉందండి. జీడీపీకి పునాది అయిన జాతీయాదాయం లెక్కకట్టిన అమెరికా ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లోనే దాన్నిబట్టి జనం బాగోగులు చెప్పలేమన్నారు. భూటాన్ 2008 రాజ్యాంగంలోనే స్థూల జాతీయ ఆనందాన్ని (జనం ఎంత బాగున్నారో చూసే కొలమానాన్ని) రాసుకుంది, న్యూజిలాండ్ 2019 బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి, పిల్లల పేదరికానికి పెద్దపీట వేసింది.

జవాబు: భూటాన్ కుర్రాళ్లు ఆస్ట్రేలియాకి వలసపోతున్నారు కదా! ఓడలు ఆగితే మా కళాసీల ఇళ్లలో పొయ్యి వెలగదు తమ్ముడూ, అది కూడా చూడాలి.

జవాబు: పోర్టు మూసేయమనట్లేదన్నా. బొగ్గు కుప్పలకు టార్పాలిన్లు సరిగ్గా కప్పి, నీళ్లు చల్లి, ఏటా సరుకు టన్నుల లెక్క పక్కనే వార్డులవారీగా ఆయాసం కేసులూ చూపించమంటున్నా.