అద్దెకు పగ్గమా, అంతస్తులకు అనుమతా?

పునాదిరాయి:
అద్దె పెంపుకు చట్టంతో పరిమితి పెడితే మహానగరాల్లో ఇళ్ల సమస్య తీరుతుందంటే నేను ఒప్పుకోను. అమెరికాలో సెయింట్ పాల్ నగర ఓటర్లు 2021లో అద్దె పెంపు ఏడాదికి 3 శాతం మించకూడదన్నారు. కొత్తగా కట్టేవాటికీ అదే లెక్క. కట్టడానికి అనుమతి అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. మరుసటి ఏడాదే కొత్త కట్టడాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

ఇరుకుగది:
అది చట్టం రాసిన తీరులో తప్పండీ. కొత్తవాటిని మొదటే వదిలేసి, పాతవాటి అద్దె పెంపును ధరల సూచీతో ముడిపెడితే సరిపోయేది. ఇవాళ అనుమతి తెచ్చుకున్న అపార్టుమెంటు చేతికొచ్చేసరికి మూడు నాలుగేళ్లు. అప్పటిదాకా అద్దెకున్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

లెక్కలపుస్తకం:
స్థలం ధర సంగతి ఇద్దరూ వదిలేశారు. 10 ఫ్లాట్ల చోట 20 కడితే ఒక్కో ఫ్లాటు మీద పడే స్థలం ఖర్చు సగం కావాలి, కాగితం మీద. ఒక్క రోడ్డుకే కట్టుకోనిచ్చే అంతస్తులు పెంచితే మాత్రం ఉత్తర్వు రాగానే స్థలం యజమాని రేటు పెంచేస్తాడు. లాభమంతా అతనికే. ఊరంతా ఒకేసారి పెంచితే అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఎవరూ బిగదీసుకోలేరు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ నగరం 2016లో నివాస స్థలాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు అలా చేసింది. తర్వాత అనుమతులు బాగా పెరిగాయి.

ఇంకోటి పార్కింగ్. కారు నిలవడానికి 12 చదరపు మీటర్లు చాలు. తిరిగే దారి, ర్యాంపు కలిపితే 25 నుంచి 30, అంటే ఒక చిన్న ఇల్లంత! సెల్లారులో పెడితే తవ్వకం, మట్టి కూలకుండా ఆపే రిటైనింగ్ గోడ, నీళ్లు తోడటం, వాటర్‌ప్రూఫింగ్. కారు లేనివాడూ ఆ ఖర్చు మోయాలి. ఇంటికో కారు చోటు తప్పనిసరి అనే నిబంధన ముందు తీసేయాలి.

ఇరుకుగది:
అయితే ప్రతి ప్రాజెక్టులో 20 శాతం చవక ఇళ్లు కట్టాలని షరతు పెట్టండి.

లెక్కలపుస్తకం:
వంద ఇళ్లలో 20 ఇళ్లను ఒక్కోటి 100 నష్టానికి ఇస్తే, మిగతా 80 మీద 25 చొప్పున పడుతుంది. ఆ రేటుకు కొనేవాళ్లు లేకపోతే ప్రాజెక్టే ఆగుతుంది. బిల్డరు స్థలం కొనకముందే షరతు ప్రకటిస్తే ఆ మేరకు స్థలం బేరమే దిగుతుంది. కొన్నాక పెడితే అంతా గోల. ఆస్ట్రియా రాజధాని వియన్నా 2018లో భవన చట్టం సవరించింది. పెద్ద స్థలాల వినియోగం ఇళ్లకు మారిస్తే మూడింట రెండు వంతులు సబ్సిడీ ఇళ్లకే పోవాలి, ఆ స్థలం ధరకూ హద్దు ఉంది.

పునాదిరాయి:
వియన్నా నగరపాలక చేతిలో 1920ల నాటి నుంచి ఇళ్లూ స్థలాలూ ఉన్నాయి. సింగపూర్‌కు 1966 భూసేకరణ చట్టం ఉంది. ఏమీ లేని ఊరు ఏం చేయాలి?

లెక్కలపుస్తకం:
ఏమీ లేని ఊరు అరుదు. పాత బస్సు డిపోలు, గోదాములు, వాడని ఆఫీసు స్థలాలు ఉంటాయి. అమ్మకుండా 99 ఏళ్ల లీజుకిచ్చి, వేలంలో ఎక్కువ ధర అన్నవాళ్లకు కాక తక్కువ అద్దె రాసిచ్చినవాళ్లకు కట్టబెట్టాలి. తిరిగి అమ్మేటప్పటి ధర కూడా లీజు పత్రంలో రాసి ఉండాలి. లేదంటే మొదట దక్కించుకున్నవాళ్లు మార్కెట్ రేటుకు అమ్ముకుని వెళ్లిపోతారు, చవక ఇల్లు ఒక్కసారికే చవక అవుతుంది.