అప్‌డేట్: మా 400 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం

బెజవాడ ఎండల్లో, మొదటి అంతస్తులో 400 లీటర్ల పగడపు అక్వేరియం పెట్టవచ్చా అని ఏప్రిల్‌లో ఇక్కడ అడిగాను. తొట్టె బరువు దూలం మీద పడేలా గోడవారన పెట్టమని, ముందు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనమని మీరు చెప్పారు. మొదటి మాట వెంటనే విన్నాను. నీళ్లే 400 కిలోలు కదా, ఇంజనీరుకు చూపించాకే స్టాండు దించాం.

రెండో మాట వినకుండా ఫ్యాన్లతో సరిపెట్టాను, అది తప్పు. మే నెలలో నీరు 31 డిగ్రీలకు చేరింది. ఫ్యాన్లకు రెండు డిగ్రీలు తగ్గినా, నీరు త్వరగా ఆవిరై ఉప్పదనం పెరిగింది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, తగ్గిన మేరకు ఉప్పులేని ఆర్‌ఓ (వడపోసిన) నీరే కలపాలి. మా నాన్నగారు తెలియక ఉప్పునీరు పోశారు! ఇప్పుడు చిల్లర్ పెట్టాం, 26 దగ్గర నిలకడగా ఉంది. దాని వేడి గాలి గదిలోకి రాకుండా బాల్కనీలో అమర్చాం.

కొత్త తొట్టెలో చేపలకు విషమయ్యే అమోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాతే హేచరీలో (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో) పుట్టిన రెండు క్లౌన్ చేపలను తెచ్చాం. పాప రోజూ బడికి వెళ్లే ముందు వాటికి మేత వేస్తోంది.

పగడాల ఆలోచన మానుకున్నాను. రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అమ్మేవారు ఆ సంగతి చెప్పరు. సముద్రంలో ఉండాల్సినవి అక్కడే ఉండాలి. మా తొట్టెలో సిరామిక్ రాళ్లే ఉన్నాయి, చేపలు వాటి సందుల్లోనే నిద్రపోతున్నాయి.