గోల్డ్‌ఫిష్ ట్యాంకులో పాచి తినడానికి సక్కర్ ఫిష్ వెయ్యొచ్చా?

నీలాటిరేవు

అందరికీ నమస్కారం. ఇంట్లో 150 లీటర్ల ట్యాంకులో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాను. ఒకటి ఎర్ర తల ఒరాండా, ఇంకోటి నల్ల మూర్. హీటర్ లేదు. నీళ్ళు 20, 22 డిగ్రీల మధ్య ఉంటాయి.

ట్యాంకు పెట్టిన కొత్తలో అద్దాల మీద గోధుమరంగు పొడిలాంటి పాచి పట్టేది. తుడిస్తే పోయేది. కొన్నాళ్ళకి దానంతట అదే తగ్గింది. ఇప్పుడు ముందు అద్దం నిండా చిన్న చిన్న ఆకుపచ్చ చుక్కలు. స్పాంజితో ఎంత రుద్దినా ఊడి రావడం లేదు. రాళ్ళ మీద పట్టిన మెత్తటి నాచును మాత్రం ఒరాండా రోజూ గీక్కుని తింటోంది.

చేపలు అమ్మే అతన్ని అడిగితే "ఒక సక్కర్ ఫిష్ వేసెయ్యండి, అద్దాల సంగతి అదే చూసుకుంటుంది" అన్నాడు. కానీ మూర్‌కి చూపు అంతంతమాత్రం. మేత ఎక్కడ పడిందో వాసన పట్టి వెతుక్కుంటుంది. దానికి ఏ ఇబ్బందీ రాకూడదని నా టెన్షన్. సక్కర్ కాకపోతే పాచి తినే చేప ఇంకేదైనా ఉందా? లైటు పొద్దున లేవగానే వేసి, రాత్రి పడుకునే ముందు తీస్తాను. అది కూడా పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

రాతిసందు

బ్రిసిల్‌నోస్ ప్లెకో చూడండి. మామూలు సక్కర్ లాగా బారెడు పెరగదు, 12, 13 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నా దగ్గర గోల్డ్‌ఫిష్‌లతోనే ఉంది, ఇప్పటిదాకా గొడవేమీ లేదు.

పాతకోనేరు

నీలాటిరేవు గారూ, సక్కర్ వద్దండీ. మీ మూర్ గురించి చదివాక ఇంకా గట్టిగా చెబుతున్నాను, అస్సలు వద్దు.

తెలిసినవాళ్ళు ఒకసారి వాళ్ళ ఒరాండాని నా దగ్గర వదిలి వెళ్ళారు. రెండు పక్కలా పొలుసులు ఊడిపోయి, బొటనవేలి గోరంత ఎర్రటి మచ్చలు. ఏదో రోగమనుకుని మందులు వేస్తూనే ఉన్నారట, తగ్గలేదు. రాత్రి లైటు తీశాక టార్చి వేసి ట్యాంకులోకి చూడమన్నాను. చూస్తే వాళ్ళ సక్కర్ ఇంకో గోల్డ్‌ఫిష్ డొక్కకి అతుక్కుని ఉంది. ఒరాండా నా దగ్గర మందేమీ లేకుండా శుభ్రమైన నీళ్ళలోనే కోలుకుంది. పొలుసులు మళ్ళీ వచ్చాయి.

ఎందుకిలా అంటే, చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది. రోగాలు లోపలికి రాకుండా ఆపేది అదే. సక్కర్ నోటికి అది మంచి బలమైన మేత. గోల్డ్‌ఫిష్ ఒళ్ళు వెడల్పు, నడక మెల్లన, రాత్రి అడుగున కదలకుండా ఉండి నిద్రపోతుంది. సక్కర్ మేతకి బయల్దేరేది సరిగ్గా అప్పుడే. చురుకైన చేపైతే ఒక్క విదిలింపుతో వదిలించుకుంటుంది. ఒరాండా, మూర్ లాంటి గుండ్రటి చేపలకి అది చేతకాదు. ఒకసారి రుచి మరిగితే సక్కర్ ఆ అలవాటు మానదు.

పోనీ, జిగురు జోలికి పోని సక్కరే దొరికిందనుకుందాం. అమ్మేటప్పుడు వేలెడంత ఉండేది 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. అప్పటికి పాచి మీద ఆసక్తి తగ్గి, మీరు వేసే మేత కోసమే కాచుకుని కూర్చుంటుంది. దానికి 24 నుంచి 28 డిగ్రీల నీళ్ళు కావాలి, మీవేమో చల్లటివి. పైగా విపరీతంగా పెంట వేస్తుంది. ఆ పెంటే నైట్రేట్‌గా మారి కొత్త పాచికి ఎరువవుతుంది. పాచి తీయడానికి తెచ్చిన చేప పాచిని పెంచిపోతుందన్నమాట.

మిగతావి కూడా చెప్పేస్తాను, ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు కాబట్టి. చైనీస్ ఆల్గే ఈటర్ అని బంగారు రంగులో ముద్దుగా ఉండేది అమ్ముతుంటారు. అది సక్కర్ కంటే ప్రమాదం. పెరిగేకొద్దీ పాచి వదిలేసి తోటి చేపల మీద పడుతుంది. సయామీస్ ఆల్గే ఈటర్ వేరే చేప. ఒంటి పక్కన నల్లటి చార తోక చివరిదాకా ఉంటుంది. నిజంగా పాచి తినే మంచి చేపే. కానీ వెచ్చటి నీళ్ళది, మెరుపులా ఈదుతుంది. మీ మూర్ వాసన పట్టి మేత దగ్గరికి చేరేలోపు అక్కడ ఏమీ మిగలదు.

ఓటోసిన్‌క్లస్ విషయంలో భయం తిరగబడుతుంది. అది 4, 5 సెంటీమీటర్ల చిన్న ప్రాణి. గోల్డ్‌ఫిష్ నోట్లో పట్టేదేదైనా మింగి చూస్తుంది. ఓటోకి రెక్కల దగ్గర ముళ్ళుంటాయి, భయపడితే అవి నిక్కబొడుచుకుంటాయి. గొంతులో ఇరుక్కుంటే రెండూ పోతాయి. చెర్రీ రొయ్యల గురించి చెప్పక్కర్లేదు, అవి గోల్డ్‌ఫిష్‌కి మేతే. అమానో రొయ్య కాస్త పెద్దదే అయినా, పెద్ద ఒరాండా ఉన్న ట్యాంకులో నేనైతే వెయ్యను.

బ్రిసిల్‌నోస్ గురించి రాతిసందు గారు చెప్పింది కాదనను. వీటన్నిటిలో అదే కాస్త నయం. నీళ్ళు 22 డిగ్రీలకి చల్లబడినా ఓర్చుకుంటుంది. కానీ దానికి రాత్రిపూట విడిగా మేత వెయ్యాలి, గీక్కోవడానికి చెక్క ముక్క ఉండాలి, దాక్కోవడానికి చోటు కావాలి. ఆకలితో ఉంటే దాని నోరూ సక్కర్ నోరే. 150 లీటర్లు ఇప్పుడున్న రెండింటికి సరిపోతాయి, మూడో చేపకి చోటు లేదు. రాతిసందు గారూ, మీ ట్యాంకు ఎంతది?

రాతిసందు

400 లీటర్లు. హీటర్ పెట్టి 23, 24 దగ్గర ఉంచుతాను. రోజూ రాత్రి దోసకాయ ముక్క కూడా వేస్తాను. అవును, 150 లీటర్లలో అయితే నేనూ వెయ్యనేమో.

నీలాటిరేవు

పాతకోనేరు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. సక్కర్ ఆలోచన మానేశాను. మరి ఈ చుక్కలు ఎలా పోతాయి? చల్లటి నీళ్ళలో ఉండే హిల్‌స్ట్రీమ్ లోచ్ అని ఒకటి ఉందట, అదైనా పనికొస్తుందా?

పాతకోనేరు

హిల్‌స్ట్రీమ్ లోచ్‌కి చల్లటి నీళ్ళు సరిపోతాయి, పాచీ తింటుంది. కానీ కొండవాగుల్లో రాళ్ళకి అంటుకుని బతికే చేప అది. నీళ్ళు ఉరకాలి, ఆక్సిజన్ దండిగా ఉండాలి. అంత ప్రవాహంలో మీ ఒరాండా కొట్టుకుపోతుంది. దాని కోసం ప్రవాహం తగ్గిస్తే లోచ్ నీరసించిపోతుంది. రెండింట్లో ఒకటి కష్టపడాల్సిందే. డోజో లోచ్ గోల్డ్‌ఫిష్‌కి మంచి తోడు గానీ, పాచి తినేది కాదు. అదీ 20 సెంటీమీటర్లు దాటుతుంది.

ముందు లైటు సంగతి చూడండి. లేచినప్పటి నుంచి పడుకునేదాకా అంటే 15, 16 గంటలు. ఆకుపచ్చ చుక్కల పాచికి అంతకంటే ఏం కావాలి? టైమర్ పెట్టి 7 గంటలకి తగ్గించండి. గోల్డ్‌ఫిష్‌కి పగటి వెలుగు, రాత్రి చీకటి తెలిస్తే చాలు. ట్యాంకు మీద నేరుగా ఎండ పడుతుంటే పరదా వెయ్యండి.

తరవాత మేత. రెండు నిమిషాల్లో అయిపోయేంత వెయ్యండి, అడుగున మిగిలితే తీసెయ్యండి. ఇక్కడ మూర్ విషయంలో మాత్రం జాగ్రత్త. అది వెతుక్కుని తినడానికి టైం పడుతుంది కాబట్టి, మునిగే గుళికలు రోజూ ఒకే మూల, దాని ముక్కు దగ్గరే వెయ్యండి. కొన్ని రోజుల్లో ఆ మూలకి తనే వచ్చి నిలబడుతుంది. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చి, అడుగున పెంటంతా సైఫన్ పైపుతో లాగెయ్యండి. నైట్రేట్ టెస్ట్ కిట్ ఉంటే 40 పీపీఎం దాటకుండా చూసుకోండి, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.

ఇప్పుడున్న చుక్కలకి స్పాంజి చాలదు. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకండి, ఊడొస్తాయి. నిజమైన అద్దమైతే బ్లేడు కూడా వాడొచ్చు. అక్రిలిక్ అయితే బ్లేడు తగలనివ్వకండి, గీతలు పడతాయి. రాళ్ళ మీద మెత్తటి నాచు మాత్రం వదిలెయ్యండి. ఒరాండా దాన్ని తింటోందని మీరే రాశారు కదా, నాకది చాలా నచ్చింది. గోల్డ్‌ఫిష్‌కి కడుపు సంచి ఉండదు, రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ ఉండే ప్రాణి. వెనక అద్దం కూడా నేను గీకను, అది వాటి మేత బీడు.

ఇవన్నీ చేశాక కూడా ఏదో ఒకటి వెయ్యాలనిపిస్తే నెరైట్ నత్తలు. మూడో నాలుగో చాలు. గట్టి ఆకుపచ్చ చుక్కల్ని గీకి తినేవి చాలా తక్కువ, అందులో ఇవి ముందుంటాయి.

నీలాటిరేవు

నత్తలా! అవి పిల్లలు పెట్టి ట్యాంకు నిండిపోదా? మూర్ వాటిని తినేస్తుందేమో కూడా.

నత్తగుల్ల

నెరైట్లు ఇష్టంగా పెంచే మనిషిని, కాబట్టి ఇది నేను చెబుతాను. మంచినీళ్ళలో వాటి సంఖ్య పెరగదు. గుడ్లు పెడతాయి, కానీ పిల్లలు బతకాలంటే ఉప్పునీరు కలవాలి. తెల్లటి నువ్వుగింజల్లా ఆ గుడ్లు రాళ్ళ మీద అతుక్కుని ఉంటాయి, గీకినా తొందరగా రావు. అది నచ్చని వాళ్ళున్నారు, ముందే తెలుసుకుని తెచ్చుకోండి. ట్యాంకు నింపేసేవి రామ్స్‌హార్న్ లాంటివి. అవి మీ దగ్గర చేరినా గోల్డ్‌ఫిష్ తినేస్తుంది.

తినే భయం గురించి: బాగా పెరిగిన, 2 సెంటీమీటర్ల పైన ఉన్న నెరైట్లే తీసుకోండి. గుల్ల గట్టిది, మూత కూడా ఉంటుంది. గోల్డ్‌ఫిష్ మొదట్లో నత్త మీసాలు కొరికి చూస్తుంది, అందుకే ఒకటి రెండు రోజులు గమనించండి. మిస్టరీ నత్తలకి మీసాలు పొడుగు, అవి ఈ పోరు పడలేవు. నెరైట్ వెల్లకిలా పడితే తనంతట తను తిరగలేక ఉండిపోవచ్చు, కనిపించగానే తిప్పి పెట్టండి. మూత ఉన్న ట్యాంకు కావాలి, రాత్రి పైకి పాకి బయటికి వచ్చేస్తాయి.

రెండు విషయాలు మరిచిపోకండి. నీళ్ళు మరీ మెత్తగా, పీహెచ్ 7 కంటే తక్కువ ఉంటే గుల్ల అరిగిపోతుంది. ఎప్పుడైనా చేపకి మందు వెయ్యాల్సి వస్తే సీసా మీద రాగి ఉందేమో చూడండి. రాగి నత్తల్ని చంపేస్తుంది.

నీలాటిరేవు

సరే, టైమర్ కొని ముందు లైటు తగ్గిస్తాను. ఒక నెల చూసి, అప్పుడు నత్తల సంగతి ఆలోచిస్తాను. తెచ్చినప్పుడు నేరుగా ట్యాంకులో వేసెయ్యొచ్చా?

పాతకోనేరు

నేరుగా వద్దు. మూడు, నాలుగు వారాలు చేపలు లేని చిన్న తొట్టిలో ఉంచండి. తెల్ల మచ్చల రోగం పురుగు గుల్లకి అంటుకుని రావచ్చు. అన్నాళ్ళు చేప తగలకపోతే అది బతకదు. మీ నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి నాలుగు వారాలే ఉంచండి, చల్లటి నీళ్ళలో ఆ పురుగు నెమ్మదిగా పెరుగుతుంది. తొట్టిలో వాటికి తిండి కావాలి కదా, ట్యాంకులోంచి నాచు పట్టిన రాయి ఒకటి తీసి అందులో వెయ్యండి. ఆ రాయిని మాత్రం నాలుగు వారాలూ అయ్యేదాకా వెనక్కి ట్యాంకులో పెట్టకండి.