పెళ్లి ముసుగుకు ఏ నెట్ మంచిది? (ఒకసారి ఇస్త్రీలో కాల్చుకున్నాక అడుగుతున్నాను)

కావలి అక్క:
వచ్చే నెలలో ఒంగోలు చర్చిలో మా చెల్లెలి పెళ్లి. తెల్ల పట్టుచీర మీదికి ముసుగు కోసం మూడు మీటర్ల నెట్ కొన్నాను. మడతలు పోవాలని ఇస్త్రీ బండికి ఇస్తే, బొగ్గుల పెట్టె ఆనిన చోట రూపాయి బిళ్లంత కన్నం పడి, దాని అంచు గోధుమ రంగులో ప్లాస్టిక్‌లా బిగుసుకుపోయింది. నైలాన్ అని ముందే చెప్పకపోవడం నా పొరపాటే. మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నెల్లూరు దర్జీ:
అక్కా, నైలాన్‌లో 6 అనే రకం సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకన్నా ముందే మెత్తబడుతుంది. బొగ్గుల పెట్టెకు వేడి తగ్గించే మీట ఉండదు కాబట్టి ఆ పని దానికి అప్పగించకూడదు. రాత్రంతా హ్యాంగర్‌కు వేలాడదీసి, స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పట్టిస్తే చాలా మడతలు వాటంతట అవే జారిపోతాయి. ముసుగుకు సాఫ్ట్ నెట్ తీసుకోండి. కాన్‌కాన్ అని అమ్మే గట్టి నెట్ గౌను లోపల ఉబ్బు కోసమే, అది కూడా లైనింగ్ లేకపోతే మన ఉక్కపోతలో నడుము చుట్టూ గీరుకుపోతుంది. కుట్టేటప్పుడు సన్న సూది వేసి, గుడ్డ కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి కుట్టి, తరువాత చించేస్తే నెట్ మిషన్ పళ్లలోకి లాగుకుపోదు. వార్తాపత్రిక మాత్రం వద్దు, సిరా అంటుతుంది.

నేతింటి బిడ్డ:
అంచు మడిచి కుట్టించాలన్న తొందర కూడా అక్కర్లేదు. చీరలో పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటాయి అంతే, గనుక కోసిన చోట పోగులు ఊడుతాయి. నెట్‌లో దారాలు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి, లేదా అల్లికగా చిక్కుకుని ఉంటాయి గనుక ఊడవు. కొత్తపట్నం ఒడ్డున ఆరేసే చేపల వలలో కన్ను కన్నుకూ ముడి ఉంటుంది, ఇందులో ముడే ఉండదు. చేత్తో అల్లే ఈ పనిని యంత్రానికి తెచ్చినవాడు ఇంగ్లండ్‌కు చెందిన జాన్ హీత్‌కోట్. ఆయనకు 1809లో పేటెంటు వచ్చింది. 1816లో లఫ్‌బరోలోని ఆయన కార్ఖానా యంత్రాలను లుడ్డైట్లు (యంత్రాల వల్ల తమ పని పోతుందని వాటిని ధ్వంసం చేసిన కార్మికులు) పగలగొడితే డెవన్‌లోని టివర్టన్‌కు తరలిపోయాడు. మనవాళ్లు నెట్ అనేదాన్ని పాశ్చాత్యులు టూల్ అంటారు, అది ఫ్రాన్సులోని ఒక ఊరి పేరు. అయితే ఇప్పుడు అంగళ్లలో దొరికేది ఎక్కువగా అల్లిక యంత్రాల మీద తయారైన సరుకే.

ఒంగోలు వదిన:
కొనే ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగండి. పన్నా చాలకపోతే మధ్యలో అతుకు వస్తుంది, పల్చటి గుడ్డలో అది వీపు నడుమ గీతలా కనబడుతుంది. మా ఆడపడుచు ముసుగుకు అలాగే వచ్చి, ఫొటోలన్నింటిలో ఆ గీతే ముందు కంటికి ఆనుతోంది. గుండుసూదులు కన్నాల్లోంచి జారతాయి, క్లిప్పులు వాడండి. కొవ్వొత్తులు వెలిగిస్తారు గనుక ముసుగును వెనక్కి వేసి ఉంచాలని తోడిపెళ్లికూతురికి ముందే చెప్పండి, ఈ గుడ్డకు నిప్పంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటుంది.

కావలి అక్క:
అందరికీ కృతజ్ఞతలు. సాఫ్ట్ నెట్, అతుకు లేని పన్నాలో తీసుకున్నాను. కన్నం పడిన పాత ముక్క దర్జీకి పనికొచ్చింది, కాగితం పెట్టి దారం బిగువు సరిచూసుకోవడానికి దానిమీదే కుడుతున్నారు.