సర్వైవర్‌ని "బతికి బట్టకట్టినవాడు" అనవచ్చా?

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను చంపిన ఆష్విట్జ్ శిబిరం గురించి ఒక వ్యాసం రాస్తూ రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పెద్దలు సాయం చేయాలి.

వ్యాసం డేవిడ్ ఒలేర్ అనే చిత్రకారుడి గురించి. 1902లో వార్సాలో పుట్టి, పారిస్‌లో సినిమా పోస్టర్లు వేసేవారు. యూదుడు కావడంతో 1943 మార్చిలో ఆయన్ని ఆష్విట్జ్‌కి పంపించారు. చేతిమీద 106144 అని పొడిచారు. ("పచ్చబొట్టు" అని రాయడానికి చేయి రాలేదు. మనం ముచ్చటపడి పొడిపించుకునేదాని పేరది.) గ్యాస్ గదుల్లో చంపినవాళ్ళ శవాలను కాల్చే పనికి పెట్టిన ఖైదీల్లో ఆయనొకరు. చూసినవాళ్ళు మిగలకూడదని ఆ ఖైదీలనూ చంపేసేవారు. 1945 మేలో విడుదలయ్యాక ఆయన కళ్ళారా చూసినదంతా గుర్తు తెచ్చుకుని గీశారు: బట్టలు విప్పించే గది, పొయ్యిలు, మూడో క్రిమటోరియం (శవాలను కాల్చే భవనం) ప్లాను కూడా. ఆ గదుల లోపల జరిగింది చూపే ఫోటోలు లేవు కాబట్టి ఈ బొమ్మలకు అంత విలువ.

ఇలాంటి మనిషిని ఏమనాలి? "మృత్యుంజయుడు" అంటే చావును గెలిచిన వీరుడిలా ఉంది. "ప్రాణాలతో బయటపడినవాడు" అంటే బస్సు ప్రమాదం వార్తలా ఉంది. "బతికి బట్టకట్టినవాడు" అని రాసుకున్నాను. కానీ బొమ్మలో ఆ బట్టలు విప్పించే గదిని చూశాక ఆ మాట గొంతులో అడ్డం పడింది.

— మా అమ్మమ్మ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని చూసి "బతికి బట్టకడితే అంతే చాలు" అనేది. ఆ మాటలో ఆశ ఉందండీ, ముందుకు చూసే మాట. జరిగిపోయినదానికి అతకదేమో.

— మా ఊళ్ళో కలరా వచ్చిన ఏటి గురించి చెబుతూ "ఆ ఇంట్లో ఈయనొక్కడే మిగిలాడు" అనేవాళ్ళు. "మిగిలినవాడు" అని చూడండి. ఆ మాటలో పోయినవాళ్ళు కూడా ఉంటారు.

ధన్యవాదాలండీ. నాకు కావలసింది ఇదే. ఆయన బొమ్మల్లో ఉన్నది కూడా ఎక్కువగా పోయినవాళ్ళే. బొమ్మ కింద "మిగిలినవాడు గీసింది" అని రాస్తున్నాను. అమ్మమ్మగారి మాటను విడుదలైన రోజు గురించి చెప్పేచోట పెడతాను, అక్కడ అది చక్కగా కుదురుతుంది.

పచ్చబొట్టుకు మాత్రం ఇంకా మాట దొరకలేదు. "చేతిమీద అంకె పొడిచారు" అంటే చదివేవాళ్ళకు తెలుస్తుందా?