సమస్యాపూరణం: జ్వరము వచ్చినపుడె వాన మేలు (ఆటవెలది ఛందస్సు)

సంచాలకుడు: మిత్రులకు నమస్సులు. ఈసారి వస్తువు హాలీవుడ్ నర్తకుడు జీన్ కెల్లీ. 1952లో వచ్చిన ‘సింగిన్ ఇన్ ది రెయిన్’లో ఆ వాన పాటను 103 డిగ్రీల జ్వరంతో చేశాడాయన. స్టూడియో వీధి మీద నల్ల టార్పాలిన్లు కప్పి పగటిని రాత్రి చేశారు. పాదం పడాల్సిన చోట నీళ్లు నిలిచేలా గుంటలు తవ్వారు. పైన శీర్షికలో ఇచ్చిన పాదమే సమస్య; అది చివరి పాదంగా, అందులోని విరోధం విడిపోయేలా పద్యం పూరించండి.

విజయవాడ నుంచి:

నూటమూడు జ్వరము, నుదురు కాలుచునున్న
గొడుగు ముడిచి యాడె కోర్కె దీర;
వీధి దీపమెక్కి వెలిగె కెల్లీ పేరు;
జ్వరము వచ్చినపుడె వాన మేలు!

సంచాలకుడు: దీపస్తంభం పట్టుకుని వేలాడే ఆ క్షణం కళ్ల ముందు నిలిచింది. యతులు (పాదంలో అక్షరాల మైత్రి) కుదిరాయి. కానీ జ్వరానికి వాన ఎందుకు మేలైందో పద్యం చెప్పలేదు. పేరొచ్చింది అంటే సరిపోదండీ, విరోధం విడిపోవాలి.

వరంగల్ నుంచి: గురువుగారూ, నేను కెల్లీ బాల్యం తీసుకున్నాను. ఎనిమిదేళ్లప్పుడు అమ్మ డాన్స్ క్లాసులో చేర్పిస్తే వీధి పిల్లలు వెక్కిరించారు, కొట్లాటలయ్యాయి. మానేసి మళ్లీ పదిహేనో ఏట మొదలుపెట్టాడు. వానంటే చప్పట్ల వాన.

నాట్యమేల యనుచు నవ్వగా బాలురు
పిడికిలెత్తె నాడు పిట్సుబర్గు
బిడ్డ; నాట్యజ్వరము పెరిగె దినదినమ్ము;
జ్వరము వచ్చినపుడె వాన మేలు!

సంచాలకుడు: రెండో పాదం చాలా బాగుంది. మూడో పాదంలో గణదోషం, అంటే గురులఘువుల అమరిక తప్పింది. ‘నాట్యజ్వరము’ ఒకే సమాసం కదా, ‘జ్వ’ అనే సంయుక్తాక్షరం ముందున్న ‘ట్య’ గురువై (రెండు మాత్రలై) పోయింది. (పై పూరణలో ‘మూడు జ్వరము’ విడి మాటలు, అక్కడ ఇబ్బంది లేదు.) ‘బిడ్డ, యాట పెరిగి పిచ్చియై జ్వరమయ్యె’ అంటే సరిపోతుంది. చప్పట్ల మాట మీ వివరణలో ఉంది గానీ పద్యంలో లేదు.

వరంగల్ నుంచి: సవరణకు ధన్యవాదాలండీ. చప్పట్లను పద్యంలోకి తెచ్చి మళ్లీ పంపుతాను.

డాలస్ నుంచి: చినుకులు కనబడాలని నీళ్లలో పాలు కలిపారని చెప్పుకుంటారు. అది కట్టుకథ, లైట్లు వెనక నుంచి వేశారు.

పాలు గలిపిరంట పడు చినుకులలోన!
వెనుక దీపమున్న వింత గాదె!
తడిసి నవ్వు మోము తాపమ్ము దాచెను;
జ్వరము వచ్చినపుడె వాన మేలు!

సంచాలకుడు: ఇదీ పూరణంటే! జ్వరపు చెమట వానలో కలిసిపోయి నవ్వొక్కటే మిగిలింది. ‘వచ్చినపుడె’లో ‘అప్పుడే’ అని నొక్కి చెప్పే ‘ఎ’కారానికి కూడా అర్థం దొరికింది. అభినందనలు.

తెనాలి నుంచి: మాస్టారూ, కెల్లీ ఒక్కడి కష్టమే చెబితే మనసు ఒప్పుకోవడం లేదు. అదే సినిమాలో నాయిక డెబ్బీ రేనాల్డ్స్‌కి పంతొమ్మిదేళ్లు. డాన్స్ నేర్చుకున్న పిల్ల కాదు. పాదాలు నెత్తురోడేదాకా ఆడించారు. కెల్లీ మాటలకు పియానో కింద కూర్చుని ఏడుస్తుంటే మరో పేరున్న నర్తకుడు ఫ్రెడ్ అస్టైర్ చూసి, తన రిహార్సల్‌కు రమ్మన్నాడు. నా పూరణ ఆమె మీద రాస్తాను.

సంచాలకుడు: తప్పకుండా రాయండమ్మా. ఆదివారం రాత్రిదాకా గడువుంది.