ప్రదాహ, దాహం, మంట, వాపు: ఏ మాట సరి?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే బరంపురం తీసుకెళ్లాం. డాక్టరు ఒడియాలో చెప్పిన దాంట్లో 'ప్రదాహ' అన్న మాట పదేపదే వచ్చింది. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారే, దెబ్బ తగిలినచోట ఒళ్లు స్పందించే తీరు, అది. మా అమ్మకి అందులో దాహం ఒక్కటే వినపడింది. "పిల్లడికి దాహమేస్తందట, నీళ్లు పట్టండర్రా" అని రాత్రంతా ఏడ్చింది. వాడి నోట్లో చుక్క వెయ్యొద్దన్నారు మరి.

దహించడం అంటే కాల్చడం. ఒడియాలో ఆ వేడి నిలిచింది, మన దాహం దప్పిక వైపు పోయింది. ఇన్‌ఫ్లమేషన్‌లోనూ నిప్పే ఉంది. కానీ మంట అందామంటే, మెదడు కణజాలానికి నొప్పే తెలీదు.

రాయగడ నుంచి: అక్కా, పేపర్లలో 'వాపు ప్రక్రియ' అంటున్నారుగా, అది చాలదా?

చాలదు తమ్ముడూ. మెదడువాపు అంటే మనకి దోమల వల్ల వచ్చే జబ్బు. 2016లో మల్కన్‌గిరిలో అంతమంది పిల్లలు పోయాక ఆ మాట వింటేనే మా ఇంట్లో గుండె జారుతుంది. పైగా వాపు తర్వాతి సంగతి. ముందు దెబ్బతిన్న కణాలు లోపలి సరుకు కక్కుతాయి. మెదడుకి కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు అది పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి సైటోకైన్లని వదులుతాయి. ఇవి కణం నుంచి కణానికి కబురు మోసే ప్రోటీన్లు. ఆ కబురుకి రక్తనాళాల గోడ బిగువు సడలి, నీరూ తెల్లకణాలూ మెదట్లోకి దిగుతాయి. పుర్రె సాగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది.

సిరొంచ నుంచి: మరాఠీలో దాహ్ వేరు, వాపుకి చెప్పే సూజ్ వేరు. వాపే అంటే, తగ్గడానికి స్టెరాయిడ్ ఇవ్వరేం అని ఇంట్లోవాళ్లు అడుగుతారండీ.

మేమూ అడిగాం. 2004లో ఫలితాలొచ్చిన 'క్రాష్' అనే మందు పరీక్షలో తలకి దెబ్బ తగిలిన 10,008 మందిని చూశారు. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21.1 శాతం మంది పోయారు, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం. చచ్చిన కణాల్ని ఊడ్చి మరమ్మతు మొదలుపెట్టడానికీ ఈ కబుర్లే కావాలి. అన్నీ నొక్కేస్తే కుదరదు.

నాకు తోచిన మాట 'రేగడం'. మంట రేగుతుంది, పుండు రేగుతుంది. నిప్పూ ఉంది, పాకడమూ ఉంది, వాపుతో ముడిపడలేదు. మర్నాడు అమ్మకి "దెబ్బ లోపల రేగిందమ్మా" అని చెప్పాను. నీళ్ల మాట మానేసింది.

"పుండు రేగినట్టా? అయితే సల్లారాలి గదా. ఎన్నాళ్లు పడతాదే?" అంది.